జనతా వాచీకి ఎంత కడతారు?

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఎదురింటాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. మేనల్లుడు హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాడు, పండక్కీ పబ్బానికీ వస్తాడు. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఒకరి మాట మాత్రం ఒకరికి పడదు. ఈసారి తగువు ఒక కరపత్రం మీద వచ్చింది. పేపర్లో పెట్టి పంచిన రంగుల కాగితం. మీ పాత వాచీ ఏ కంపెనీదైనా సరే, నడిచినా నడవకపోయినా సరే, తెచ్చివ్వండి, కొత్త వాచీ మీద 20 శాతం తగ్గిస్తాం అని అందులో ఉంది. మామయ్య తన హెచ్‌ఎంటీ జనతాని బీరువాలోంచి తీసి ఆ కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను పేపరు తిరిగిచ్చేసి వద్దామని వెళ్లి ఇరుక్కుపోయాను. నన్ను ఇద్దరూ నోరెత్తనివ్వలేదు కాబట్టి నా మాటలు ఇక్కడ అక్కడక్కడా కలుపుకుంటున్నాను.

అల్లుడు: నిజంగానే దీన్ని ఇచ్చేస్తావా మామయ్యా?

మామయ్య: ఇవ్వక? నిన్న కొట్టుకెళ్లి చూసొచ్చాను. 4,500 రూపాయల వాచీ. పెద్ద అంకెలు, తారీఖు, వారం, చీకట్లో ముళ్లు మెరుస్తాయి. 20 శాతం అంటే 900. ఊరికే 900 ఎవడిస్తాడు?

అల్లుడు: ఊరికే ఎందుకవుతుంది? జనతా పోతోందిగా.

మామయ్య: జనతా నడవట్లేదురా. చాలాకాలంగా బీరువాలోనే ఉంది. నడవని వాచీ ఇచ్చి 900 తెచ్చుకుంటే లాభమా, నష్టమా? లెక్కలు చూసేవాడివి, నువ్వే చెప్పు.

అల్లుడు: ఆ కాగితం ఇంకోసారి చదువు. ఏ కంపెనీదైనా, నడిచినా నడవకపోయినా. అంటే తిరనాళ్లలో కొన్న పిల్లల ప్లాస్టిక్ వాచీ పట్టుకెళ్లినా 900, మీ పెద్దవాళ్లు ముచ్చటపడ్డ ఫావర్ లూబా పట్టుకెళ్లినా 900. అన్నిటికీ ఒకటే రేటు కట్టాడంటే దేనికీ కట్టలేదనేగా అర్థం. వాడు నీ వాచీ కొనడంలేదు. తన వాచీ అమ్ముకుంటున్నాడు.

మామయ్య: కొననివాడు మరి తీసుకోవడం ఎందుకు? వద్దంటే సరిపోయేదిగా.

అల్లుడు: అక్కడే ఉంది కిటుకు. ఊరికే తగ్గిస్తామంటే రేపు వచ్చినవాడు ఇంకాస్త తగ్గించమంటాడు. పాతది తెస్తేనే తగ్గిస్తామంటే ఎవడూ బేరమాడడు. పైగా పాత వాచీ జేబులో వేసుకుని బీసెంట్ రోడ్డుదాకా వెళ్లినవాడు, మళ్లీ దాన్ని జేబులో వేసుకుని ఇంటికి రాడు. వాచీ తీసి కౌంటరు మీద పెట్టాడంటే సగం కొనేసినట్టే. ఇంకోటి, పాతది చేతిలో లేకుండా చేస్తే ‘నాకు వాచీ ఉందిలే’ అనే మాట కూడా నీకు మిగలదు.

(ఈ చివరి మాట నాకు బాగా పట్టింది. కొత్త వాచీకి అసలు పోటీ పక్క కొట్లో ఉన్న వాచీతో కాదు, మన బీరువాలో ఉన్న వాచీతో. ఆ పోటీదారుణ్ణి మనచేతే మోయించుకుని, మనచేతే అప్పగించుకుని, పైగా మనకేదో మేలు చేసినట్టు పంపిస్తారు. వ్యాపారం తప్పని నేననను. కానీ తెలివి ఎవరిదో ఒప్పుకోవాలి.)

వంటింట్లోంచి అత్తయ్య కలగజేసుకుంది.

అత్తయ్య: దీనికంటే మా స్టీలు సామాన్లావిడ నయం. పాత బట్టలు వేస్తే ప్యాంటు జిప్పు లాగి చూస్తుంది, చొక్కా కాలరు తిప్పి చూస్తుంది, పట్టుచీరైతే జరీని గోటితో గీకి చూస్తుంది. మోకాళ్ల దగ్గర పల్చబడిందని చెప్పి గిన్నె ఇచ్చి మూత తీసేసుకుంటుంది.

అల్లుడు: చూశావా! ఆవిడ కొంటోంది. మూత ఇవ్వనందంటే నీ ప్యాంటుకి లెక్క కట్టింది. మరి నిన్న కొట్లో అబ్బాయి నీ వాచీ చూశాడా?

మామయ్య: నాదింకా ఇవ్వలేదు. నా ముందు ఒకాయన ఇచ్చాడు. ఆ అబ్బాయి తిప్పి కూడా చూడలేదు. కౌంటరు కింద అట్టపెట్టె ఉంది, అందులో పడేశాడు. లోపల బెల్టులన్నీ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఒకటి మాత్రం ఇంకా నడుస్తోందనుకుంటా, సన్నగా చప్పుడొస్తోంది.

అల్లుడు: నీ జనతా ఆ పెట్టెలోకే పోయేది.

మామయ్య: పోతే పోయింది. ఒరేయ్, నాకు వాచీ అంటే ఇష్టంలేదని కాదు, అది నాకు పనిముట్టు. విజిలు, ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, డిటొనేటర్లు, వాచీ. ఆ వరసలో అదొకటి. రిటైరయ్యేటప్పుడు జెండాలు అప్పగించేసి వచ్చాను, ఒక్కడు అయ్యో అనలేదు. వాచీ దగ్గరికొచ్చేసరికి మీకందరికీ కళ్లనీళ్లు. ఇప్పుడైతే గార్డు అనే పేరు కూడా లేదు. 2022 నుంచి ట్రెయిన్ మేనేజరు అంటున్నారు. పేరు మారిస్తే లేని బాధ వాచీ మారిస్తే ఎందుకు?

అల్లుడు: జెండాలు రైల్వేవి. ఇది నీ జీతంతో కొన్నది. అప్పట్లో డబ్బు పెడతానన్నా హెచ్‌ఎంటీ వెంటనే దొరికేది కాదని నువ్వేగా చెప్పావు.

మామయ్య: 1979లో, చేరిన కొత్తలో కొన్నాను. తెలిసినవాళ్లచేత చెప్పించుకోవాల్సి వచ్చింది. అదంతా నిజమే. కానీ ఇంకో నిజం కూడా విను. రైల్వే జనరల్ రూల్స్‌లో 4.03 అని ఒకటుంది. బండి బయల్దేరేముందు గార్డు తన వాచీని స్టేషను గడియారంతో కలుపుకోవాలి. ఆ టైము డ్రైవరుకి చెప్పాలి. డ్రైవరు దాన్నిబట్టి తన వాచీ కలుపుకోవాలి. స్టేషను గడియారం సంగతేమిటంటావా, దానికీ రోజూ 16 గంటలకి, అంటే మీ లెక్కలో సాయంత్రం నాలుగింటికి, పైనుంచి టైము వస్తుంది. ఈ జనతా రోజుకి అరనిమిషం ముందుకి పోయేది. పోనీ! డ్యూటీ ఎక్కేముందు కలుపుకునేవాణ్ణి. నా వాచీ గొప్పతనం వల్ల ఏ బండీ నడవలేదు. నేనూ డ్రైవరూ ఒకే టైము మీద ఉన్నాం కాబట్టి నడిచింది. నా డ్రైవరుది ఏ కంపెనీ వాచీయో నాకు గుర్తుకూడా లేదు.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాచీ చేతిలోకి తీసుకుని, వెనక మూతని బొటనవేలితో రుద్దుతూ మళ్లీ మొదలెట్టాడు.

అల్లుడు: నువ్వు చెప్పేది డ్యూటీలో ఉన్న వాచీ గురించి. నేననేది ఈ వాచీ గురించి. 1961లో బెంగుళూరులో, జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి హెచ్‌ఎంటీ చెయ్యడం మొదలుపెట్టింది. మొదటి వాచీల్ని నెహ్రూ విడుదల చేశాడు. మనవాళ్లు చేత్తో బిగించిన మిషను ఇది. సెకనుకి ఐదుసార్లు కొట్టుకుంటుంది, 17 రాళ్లు…

మామయ్య: రాళ్లంటే గుర్తొచ్చింది. మా రన్నింగ్ రూములో ఒకాయన ఉండేవాడు. పాత వాచీలు కొనేవాళ్లు లోపలి కెంపుల కోసమే కొంటారని వాదించేవాడు. తన వాచీ పోతే విప్పించి, కూతురికి ఉంగరం చేయిస్తానన్నాడు.

అల్లుడు: ఫ్యాక్టరీలో చేసిన కెంపులవి. ఇరుసులు అరిగిపోకుండా పెడతారు. ఆవగింజంత ఉంటాయి, ఉంగరానికి పనికిరావు.

మామయ్య: అదే నేనూ చెప్పాను, వినలేదు. సరే, నీ నెహ్రూ దగ్గరికి రా. అంత గొప్ప వాచీ అయితే నువ్వు ఎప్పుడు కొన్నావు?

అల్లుడు: నేనా? మొన్న కొన్నాను. ఇదిగో, హెచ్‌ఎంటీ పైలట్.

మామయ్య: కంపెనీ బతికున్నప్పుడు కొన్నావా? మీ నాన్న పెళ్లికి పెట్టుకున్నది టైటాన్. మీ అమ్మకి కొన్నది టైటాన్. 1984లో టాటావాళ్లూ తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి పెట్టారు, హోసూరులో ఫ్యాక్టరీ. సన్నగా, నాజూగ్గా, కీ ఇవ్వక్కర్లేదు. అందరం అటే పోయాం. హెచ్‌ఎంటీ కూడా క్వార్ట్జ్ చేసింది, అయినా మన కళ్లు అటు తిరగలేదు. 2016లో కేంద్ర కేబినెట్ మూసేద్దామని తేల్చాక మీకందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ రోజే హైదరాబాద్ హెచ్‌ఎంటీ బేరింగ్స్‌ని కూడా మూసెయ్యమన్నారు. దాని కోసం ఏడ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. బేరింగులు చేతికి కట్టుకోం కదా!

(ఇక్కడ మామయ్య నెగ్గాడు. వాడుకలో ఉన్న వస్తువు మీద మనకి ఉండేది అవసరం. అది మార్కెట్లో దొరకనప్పుడు పుట్టేదాన్ని మనం అభిమానం అంటాం. హెచ్‌ఎంటీ మూతపడ్డాక పాత వాచీల రేట్లు పెరిగాయంటే, మిషను ఏమీ మెరుగుపడలేదు, మనుషుల్లో మార్పొచ్చింది.)

అల్లుడు: ప్రేమ ఆలస్యంగా పుడితే తప్పా?

మామయ్య: తప్పు కాదు. నీ పైలట్ ఇలా ఇవ్వు.

కళ్లజోడు పైకి నెట్టి, వాచీని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. నీలం డయలు, తళతళలాడుతోంది. వెనక మూత మాత్రం గీతలు పడి, అంచుల్లో నల్లగా జిడ్డు పట్టి ఉంది.

మామయ్య: ఎంతకి కొన్నావు?

అల్లుడు: 1,800. ఆన్‌లైన్‌లో.

మామయ్య: నా సర్వీసులో నేను చూసిన పైలట్లన్నీ నల్ల డయలువే. ఇది చూడు, నిమిషాల గీతలు పన్నెండు దగ్గర ఒకదానికొకటి కలవలేదు. అక్షరాలు ఉబ్బి ఉన్నాయి, సిరా కారినట్టు. వీపు ముసలాడిది, మొహం కుర్రాడిది. రంగేశార్రా దీనికి.

అల్లుడు: (కాస్త తగ్గి) కొన్నిటికి డయల్ మళ్లీ అచ్చువేస్తారు. ముంబైలో చేస్తారట. లోపలి మిషను హెచ్‌ఎంటీదే.

మామయ్య: ఎన్ని వాచీల ముక్కలు కలిస్తే ఒక వాచీ అయిందో! కొట్టువాడు రేటు కట్టలేదని వాణ్ణి తిడుతున్నావు. కట్టేవాళ్లు ఎలా కడుతున్నారో ఇదిగో చూడు.

అల్లుడు: అందరూ అలా ఉండరు. 2022 డిసెంబర్లో రోలెక్స్ వాడు కూడా పాత వాచీల అమ్మకంలోకి దిగాడు. పాతదాన్ని విప్పి చూసి, అసలుదేనని తేల్చి, బాగుచేసి, రెండేళ్ల గ్యారంటీ కాగితం ఇస్తారు. అక్కడ పాత వాచీకి విలువ కట్టడమంటే అదీ.

మామయ్య: వాడి వాచీ పాతబడ్డా లక్షలు చేస్తుంది, విప్పి చూసినా వాడికి గిట్టుతుంది. దీన్ని విప్పి చూసిన అరగంట కూలి దీని ఖరీదుకి మించిపోతుంది. అందుకే ఆ అబ్బాయి పెట్టెలో పడేశాడు. వాడి తప్పేముంది?

ఈ ముక్క అల్లుడికి నచ్చలేదు, కానీ ఆడిటర్ ఆఫీసులో పనిచేసేవాడు కాబట్టి కొట్టి పారెయ్యలేకపోయాడు. దారి మార్చాడు. ఇక్కణ్ణుంచి వాదం లెక్కల్లోకి దిగింది. నాకైతే అసలు విషయం ఇక్కడే తేలిందనిపించింది.

అల్లుడు: జీఎస్టీ రూల్స్‌లో 27వ రూలు ఉంది. కింద ఉదాహరణ కూడా ఇచ్చారు. పాత ఫోన్ ఇచ్చి, పైన 20,000 కట్టి కొత్త ఫోన్ తీసుకున్నావు. పాతది ఇవ్వకపోతే అదే ఫోన్ 24,000. అప్పుడు కొత్త ఫోన్ విలువ 20,000 కాదు, 24,000 అనే లెక్కవెయ్యాలి.

మామయ్య: అంటే పాత ఫోన్‌కి 4,000 విలువుందని గవర్నమెంటే ఒప్పుకున్నట్టు! నువ్వేమో నా వాచీ సున్నా అంటావు.

అల్లుడు: (తడుముకుని) 4,000 చేస్తుందని కాదు, దాన్ని డబ్బుకి బదులు ఇచ్చావని. చట్టం రెండు బేరాల్నీ విడదీస్తోంది చూడు. కొత్తది ఎంతకి కొన్నావన్నది ఒకటి, పాతది ఎంతకి వదులుకున్నావన్నది రెండోది. కొట్టువాడు రెండూ కలిపేసి ఒక్క అంకె చెప్తాడు, 20 శాతం. అందులో కొత్తదాని మీద తగ్గించింది ఎంత, పాతదానికి ఇచ్చింది ఎంత? ఎలా తెలుస్తుంది?

మామయ్య: ఎలా తెలుస్తుంది?

అల్లుడు: ‘పాతది ఇవ్వను, ఎంతకిస్తావు’ అని అడిగితే తెలుస్తుంది. మోడల్ నంబరు చెప్పు.

మామయ్య కరపత్రం వెనక పెన్నుతో రాసుకొచ్చిన నంబరు చదివాడు. అల్లుడు ఫోన్‌లో వెతికాడు. అదే వాచీ, అదే గ్యారంటీ, పాతదేదీ ఇవ్వక్కర్లేకుండా 3,700.

అల్లుడు: నీ కొట్లో పాతది ఇచ్చాక ఎంత పడుతోంది? 4,500లో 900 పోతే 3,600. ఇక్కడ 3,700. అంటే మామయ్యా, నీ జనతాకి వాడు కట్టింది 900 కాదు. వంద.

మామయ్య: వందా?

(రైల్వేలో ముప్పై ఏళ్లకి పైగా చేసిన మనిషి. వాచీ పనిముట్టన్నాడు, పెట్టెలో పడేస్తే పడెయ్యనీ అన్నాడు. వంద అనగానే వాచీని చేతిలోకి లాక్కున్నాడు. ఇందులో వింతేమీ లేదు. ఊరికే ఇవ్వడానికి మనకేమీ అనిపించదు. తక్కువకి ఇచ్చామని తెలిస్తేనే మంట. అచ్చువేసిన ధర తగ్గించడం కోసమే వేసినట్టుంటుంది చాలాచోట్ల. అలాంటి ధర మీద శాతాలు లెక్కపెట్టుకుని సంబరపడితే మిగిలేది ఇదే.)

మామయ్య: వందకైతే మా రిపేరాయనకే ఇస్తాను, ఊరికే.

అల్లుడు: ఇప్పుడు దారికొచ్చావు. ఫ్యాక్టరీ లేదు, కొత్త పార్టులు రావు. ఇంకో జనతా బతకాలంటే ఎక్కడో ఒక జనతా విప్పాలి. బేలన్సు చక్రం, స్ప్రింగు, కీ, అద్దం, ఏదో ఒకటి ఎవరికో పనికొస్తుంది. ఆ కౌంటరు కింద పెట్టె ఉందే, రిపేరు చేసేవాడి చేతిలో పెడితే అది బంగారం.

మామయ్య: ఏ రిపేరు చేసేవాడురా? నా వాచీ చూసే ఆయన కళ్లకి భూతద్దం బిగించుకుని కూర్చునేవాడు. నాలుగైదేళ్లకోసారి విప్పి, కడిగి, నూనె వేసి ఇచ్చేవాడు. ఆయన పోయాడు. అదే బల్ల మీద వాళ్లబ్బాయి ఫోన్లకి కవర్లు అమ్ముతున్నాడు. తప్పేంలేదు, వాడూ బతకాలి. ఇంకెవరో చేస్తారంటే వెళ్లాను. సర్వీసింగుకి అడిగిన డబ్బు వింటే దీన్ని మళ్లీ జేబులో వేసుకుని వచ్చేశాను.

అల్లుడు: నేను హైదరాబాద్‌లో చేయిస్తాను. నడిచేలా చేసి తెచ్చిస్తాను. నువ్వు కొత్తది కొనక్కర్లేదు.

ఇదేదో తేలిపోయిందనుకుని నేను లేవబోయాను. మామయ్య కుడిచెయ్యి చాచి అల్లుడి ముందు పెట్టాడు. బొటనవేలి కీలు, చూపుడువేలి కీలు లావెక్కి ఉన్నాయి.

మామయ్య: కీ ఇవ్వలేనురా. పొద్దున్నే ఈ చిన్న చక్రం పట్టుకుని ముప్పైసార్లు తిప్పాలి. రెండు వేళ్ల మధ్య నిలవదు. కొన్నాళ్లు మీ అత్తయ్య ఇచ్చింది. తర్వాత ఆవిడా మర్చిపోయింది, నేనూ అడగలేదు. అలా ఆగింది ఇది. చెడిపోయి ఆగలేదు. కంటికి ఆపరేషన్ అయింది, అయినా రాత్రి లేచినప్పుడు దీని ముళ్లు కనపడవు. ఇప్పుడు నాకు కావల్సింది పెద్ద అంకెలు, మెరిసే ముళ్లు, లోపల సెల్లు. నెలకి పదిహేను సెకన్లు అటూఇటూ అయినా నాకు పర్లేదు, నేను నడపాల్సిన బండి లేదు.

అల్లుడు: ఈ మాట ముందే చెప్పొచ్చుగా.

మామయ్య: నువ్వడిగింది వాచీ గురించి. నా వేళ్ల గురించి అడగలేదు.

(ఆ పూట విన్నవాటిలో ఇదొక్కటే రెండు పక్షాలకీ చెందని మాట. పాతది ఉంచుకోమని చెప్పేవాళ్లం వస్తువు వైపే చూస్తాం. దాన్ని వాడాల్సిన మనిషి చేతుల వైపు చూడం. కొత్త వాచీ కొనుక్కోవడం ఆయనకి కావాలి, అందులో రెండో మాట లేదు. దానికోసం జనతా పోవాలా అన్నదే ప్రశ్న. ఆ రెంటినీ ఒకే ముడిలో బిగించింది కరపత్రం.)

అల్లుడు: సరే, క్వార్ట్జే కొను. మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ 1969 క్రిస్మస్ రోజున టోక్యోలో సీకో వాళ్లు అమ్మారు. అప్పుడు దాని ధర ఒక చిన్న కారు ఖరీదట. ఇప్పుడు 3,700 కి వస్తోంది, తీసుకో. జనతా మాత్రం ఇవ్వకు.

మామయ్య: ఉంచి ఏం చెయ్యమంటావు? ఇల్లు మ్యూజియమా? హెచ్‌ఎంటీకి బెంగుళూరులో మ్యూజియం ఉంది, చూడాలనిపిస్తే అక్కడికెళ్లు.

అల్లుడు: నాకమ్ము. ఎంతో చెప్పు.

మామయ్య: నీ దగ్గర డబ్బు తీసుకుంటానా? మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?

అల్లుడు: ఊరికే ఇస్తే తీసుకోను. వందకి కూడా తీసుకోను.

మామయ్య: ఇప్పుడు అది వేరే బేరం. కొత్త వాచీకీ దానికీ సంబంధం లేదన్నావుగా, నువ్వేగా అన్నది? దాని సంగతి తర్వాత చూద్దాం. ఒకటి మాత్రం చెప్తున్నా, నీ చేతికొచ్చినా దాని మొహానికి రంగెయ్యడానికి వీల్లేదు. ముందు ఆ కొట్టుకి ఫోన్ కలుపు. పాతది ఇవ్వకుండా 3,600 కి ఇస్తాడేమో అడుగుతాను.

ఫోన్ స్పీకర్లో పెట్టారు. అవతల కుర్రాడు మర్యాదస్థుడు, మాట కూడా సూటిగా చెప్పాడు.

“ఇస్తాం సార్. రేటు అదే. కానీ ఆఫరు ఎక్స్ఛేంజి కింద ఉంది సార్, సిస్టంలో ఒక పాత వాచీ ఎంట్రీ పడాలి. ఏదో ఒకటి పట్టుకురండి. మీది కాకపోయినా పర్లేదు. ఆదివారందాకే ఉంది సార్.”

మామయ్య ఫోన్ పెట్టేసి బీరువా వైపు చూశాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది.

అత్తయ్య: నా ఆల్విన్ వైపు చూశారంటే ఊరుకోను. అది హైదరాబాద్‌లో చేసిన వాచీ.

మామయ్య: సీకో వాడి సాయంతో చేశారులేవే. ఫ్రిజ్‌లు చేశారు, బస్సులు చేశారు, వాచీలు చేశారు, అన్నీ పోయి కూకట్‌పల్లిలో కాలనీ పేరు మిగిలింది. అది తిరగడం మానేసి ఎన్నేళ్లయింది?

అత్తయ్య: తిరక్కపోతేనేం? మీరు పనిముట్టంటారు, మీ ఇష్టం. నాది మా నాన్న కొనిపెట్టింది. బేరాల్లో పెట్టకండి.

ఆవిడతో వాదం పెట్టుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. రెండు వాదాల్నీ ఆవిడ ఒక్క వాక్యంతో పక్కన పెట్టేసిందని నాకనిపించింది కానీ పైకి అనలేదు. మామయ్య చూపు బీరువా మీంచి తిరిగి అల్లుడి మణికట్టు మీద ఆగింది.

మామయ్య: ఆ నీలం పైలట్ విప్పు.

అల్లుడు: మామయ్యా! 1,800 పెట్టి కొన్నాను దీన్ని!

మామయ్య: పట్టుకెళ్దాం పద. ఏ కంపెనీదైనా 900 కడతాడుగా.